గాలం నుంచి పళ్లెం దాకా: ఆజి చేపను పచ్చిగా వడ్డించే పద్ధతి

జపాన్ తీరంలో దాదాపు ఏడాది పొడవునా గాలానికి పడే చేప ఆజి. మన పార చేపల కుటుంబానికే చెందిన ఈ చేప సాధారణంగా జానెడు నుంచి జానెడున్నర పొడవు ఉంటుంది. యొకొహామాలోని కనజవా హక్కెయి రేవు నుంచి టోక్యో అఖాతంలోకి ఆజి వేట కోసమే పడవలు బయలుదేరుతాయి. గాలపు కర్ర అద్దెకు దొరుకుతుంది, గాలం వేయడం ఎన్నడూ తెలియనివారికి పడవ మనుషులే దగ్గరుండి నేర్పుతారు. ఎరగా కొక్కేనికి గుచ్చేది చాలాసార్లు ఎర్ర రంగు పట్టించిన చిన్న స్క్విడ్ ముక్క. ఉద్యోగాల మీద జపాన్ వచ్చి స్థిరపడిన తెలుగువారిలో ఎవరైనా అలా ఒక పూట వేటకు వెళ్లి, పట్టిన చేపను అక్కడి పద్ధతిలో పచ్చిగా తినాలనుకుంటే, ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలో ఈ వ్యాసం వరుసగా వివరిస్తుంది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పచ్చి చేప రుచిని నిర్ణయించేది వంటగదిలో మీ కత్తి పనితనం కాదు, చేప నీటిలోంచి బయటికి వచ్చిన తర్వాత పడవ మీద గడిచే తొలి పది నిమిషాలు. అలాగే చేప తాజాగా ఉన్నంత మాత్రాన అది పచ్చిగా తినడానికి సురక్షితమైపోదు. సముద్రంలోంచి అప్పుడే తీసిన చేపలో కూడా బతికున్న పురుగు ఉండవచ్చు. ఈ రెండు సంగతులను వేరువేరుగా గుర్తుపెట్టుకుని, రెండింటికీ వేరువేరు జాగ్రత్తలు తీసుకోవాలి.

ఏ చేపను పచ్చిగా తినకూడదు

నది, చెరువు, కాలువ చేపలను పచ్చిగా తినే ఆలోచనే పెట్టుకోవద్దు. బొచ్చె, శీలావతి, కొర్రమీను వంటివి ఎంత మంచి నీటిలో పెరిగినా, ఎంత తాజాగా ఉన్నా ఉడికించే తినాలి. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతమైన ఈసాన్‌లో మంచినీటి చేపలను పచ్చిగా తరిగి, నిమ్మరసం, కారం కలిపి 'కోయ్ ప్లా' అనే వంటకం చేసుకుంటారు. ఆ చేపల ద్వారా ఒంట్లో చేరే కాలేయపు పురుగు ఏళ్ల తరబడి పిత్త నాళాల్లో తిష్ఠ వేసి చివరికి క్యాన్సర్‌కు దారి తీస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఆ పురుగును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేపల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం కనుక, గోదావరి పులసకు పులుసే సరైన గౌరవం.

సముద్రపు చేపల్లోనూ ఉబ్బు చేపను, అంటే జపాన్‌లో ఫుగు అని పిలిచే విషపు చేపను ముట్టుకోకూడదు. అది గాలానికి పడితే వెంటనే పడవ మనిషికి చూపించి నీటిలోకి వదిలేయండి. పేరు తెలియని ఏ చేపనైనా పడవ మనిషి చూసి చెప్పేదాకా మీ పెట్టెలో వేయవద్దు.

పడవ ఎక్కే ముందు సిద్ధం చేసుకోవలసినవి

పదిహేను, ఇరవై లీటర్ల ఐసు పెట్టె, రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండింటిని రాత్రే గడ్డకట్టించి ఉంచుకోవడం, దానికి తోడు రెండు మూడు కిలోల చిన్న ఐసు ముక్కలు, తాడు కట్టిన బకెట్, గట్టి కత్తెర, సూది మొన ఉన్న ఒక ఇనుప పుల్ల, చేతులు తుడుచుకునే గుడ్డలు ఉంటే చాలు. ఐసు కొన్ని పడవల్లో వాళ్లే ఇస్తారు, అయినా మీది మీరు తీసుకెళ్లడమే మంచిది.

రేవు దాటి వేట మొదలయ్యే ముందే పెట్టెలో ఐసు వేసి, దాని మీద శుభ్రమైన సముద్రపు నీటిని చేపలు మునిగేంత పోసి కలపండి. ఉప్పునీరు కాబట్టి ఈ మిశ్రమం సున్నా డిగ్రీల దగ్గర, కొన్నిసార్లు అంతకన్నా కొంచెం కిందికి దిగుతుంది. చేప చుట్టూ అన్ని వైపులా చల్లని నీరు తగులుతుంది కనుక నీరు లేని ఉత్త ఐసు ముక్కల మీద పడుకోబెట్టిన దానికన్నా చాలా త్వరగా లోపలి దాకా చల్లబడుతుంది. కరిగిన మంచినీటిలో చేపను నానబెట్టకూడదు. అలా నానితే కళ్లు తెల్లబడతాయి, మాంసం నీరు పీల్చుకుని చప్పగా, మెత్తగా తయారవుతుంది. అందుకే వదులు ఐసు కన్నా సీసాల్లో గడ్డకట్టిన నీటికి ప్రాధాన్యం ఇవ్వాలి. సీసా కరిగినా పెట్టెలోని ఉప్పదనం తగ్గదు.

తొలి పది నిమిషాలు

చేప పడవలోకి రాగానే దాన్ని చెక్క మీద ఎగిరి ఎగిరి కొట్టుకోనివ్వవద్దు. తడి గుడ్డతో కళ్లు మూసి పట్టుకుంటే చాలావరకు శాంతిస్తుంది. కంటికి కొంచెం వెనకగా, కొంచెం పైన, కణత దగ్గర ఇనుప పుల్లను గుచ్చితే మెదడు దెబ్బతిని చేప తక్షణం చనిపోతుంది. గుచ్చడం సరిగ్గా జరిగిందో లేదో చేపే చెబుతుంది: నోరు ఒక్కసారి తెరుచుకుంటుంది, రెక్కలు విచ్చుకుంటాయి, ఒళ్లంతా సన్నగా వణికి ఆ తర్వాత సడలిపోతుంది. జపాన్‌లో 'ఇకెజిమె' అనే పద్ధతికి ఇదే మొదటి మెట్టు. పెద్ద చేపలైతే వెన్నులోని నరాల నాళంలోకి సన్నని తీగను కూడా జొప్పిస్తారు. జానెడు ఆజికి అంత అవసరం లేదు.

వెంటనే మొప్ప మూతను ఎత్తి, మొప్పలకూ వెన్నుకూ మధ్య ఉన్న పొరను కత్తెరతో తెంచి, సముద్రపు నీరున్న బకెట్‌లో తల కిందికి ఉండేలా ముంచండి. ఎర్రటి నెత్తురు పొగలా నీటిలోకి దిగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాల్లో అది ఆగిపోతుంది. నీటిని మార్చి ఒకసారి కడిగి చేపను ఐసు పెట్టెలోకి వేయండి. చేపలు ఎక్కువగా పడుతున్న ఉత్సాహంలో 'తర్వాత అన్నీ కలిపి చేద్దాంలే' అని బకెట్‌లోనే వదిలేయడం చాలామందికి అలవాటు. ఆ బకెట్‌లో ఊపిరాడక చచ్చిన చేపను వేయించుకోవచ్చు, పులుసు పెట్టుకోవచ్చు, కానీ పచ్చిగా వడ్డించే పళ్లెంలోకి తీసుకోవద్దని నా గట్టి సలహా.

ఇంత శ్రమ ఎందుకంటే, చేప కండరాల్లో శక్తికి మూలమైన ఏటీపీ అనే పదార్థం ప్రాణం పోయాక క్రమంగా ఇనోసినిక్ ఆమ్లంగా మారుతుంది. మాంసానికి కమ్మదనం ఇచ్చేది అదే. ఎండబెట్టి పొగ పట్టించిన కత్సుఓ అనే ట్యూనా రకం చేపలో ఈ రుచిని 1913లో కొడామా షింతారో గుర్తించారు. చేప కొట్టుకుని కొట్టుకుని చస్తే ఏటీపీ అంతా ముందే ఖర్చైపోతుంది, ఒళ్లు వేడెక్కుతుంది, ఆమ్లం పేరుకుంటుంది, బిగుసుకోవడం తొందరగా మొదలై తొందరగా సడలుతుంది. ఇక నెత్తురు మిగిలిపోతే నీచు వాసనకు, త్వరగా పాడవడానికి అదే మొదటి కారణమవుతుంది.

చల్లదనం విషయంలో ఇంకో ప్రమాదాన్ని కూడా తెలుసుకోవాలి. ఆజి, కానాగంత, కవళ్లు, ట్యూనా వంటి చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. చేప వెచ్చగా ఉన్న కొద్దీ సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. అలాంటి చేపను తింటే కొద్దిసేపట్లోనే పెదవులు చిమచిమలాడటం, ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఉడికించినా, వేయించినా, గడ్డకట్టించినా పోదు. వాసనను బట్టి కూడా దాన్ని కనిపెట్టలేం. కాబట్టి రేవుకు తిరిగి వచ్చేదాకా, అక్కడి నుంచి రైల్లోనో కారులోనో ఇంటికి చేరేదాకా పెట్టెలో ఐసు మిగిలే ఉండాలి.

విశాఖపట్నం, పూడిమడక తీరంలో మన మత్స్యకారులు గాలాలతో పెద్ద పెద్ద ట్యూనాలు పడతారు. ఆ చేప ఎంత మేలైనదైనా ఎండలో రేవు గట్టు మీద గంటల తరబడి పడి ఉన్నదాన్ని తెచ్చి పచ్చిగా తినడం ప్రమాదకరం. పట్టిన క్షణం నుంచి ఐసులోనే ఉన్నదని కళ్లారా చూసినప్పుడు మాత్రమే ఆ ఆలోచన చేయాలి.

ఇంట్లో మొదటి పని: కడుపు ఖాళీ చేయడం

ఇల్లు చేరగానే విశ్రాంతి తీసుకోకుండా ముందు చేప కడుపు శుభ్రం చేయండి. దీనికి కారణం అనిసాకిస్ అనే పురుగు. రెండు మూడు సెంటీమీటర్ల పొడవున తెల్లటి దారంలా ఉండే ఈ పురుగు పిల్ల సాధారణంగా చేప పేగుల మీద, కాలేయం మీద చుట్ట చుట్టుకుని ఉంటుంది. చేప చచ్చి సమయం గడిచే కొద్దీ, ముఖ్యంగా చల్లదనం తగ్గినప్పుడు, కడుపు గోడను దాటి మాంసంలోకి పాకుతుంది. పేగులు ఎంత తొందరగా తీసేస్తే అంత మంచిది.

చేతులు సబ్బుతో కడుక్కోండి. చేతి మీద పుండు, గాయం ఉంటే చేతి తొడుగు వేసుకోండి, లేదా ఆ పని ఇంకొకరికి అప్పగించండి. పొలుసు తీసి, పేగులు తీసే పలక ఒకటి, మాంసం కోసే పలక ఇంకొకటి ఉండాలి. ఒక్కటే ఉంటే మధ్యలో సబ్బుతో రుద్ది, మరిగే నీళ్లు పోసి, ఆరనిచ్చి వాడండి.

ఆజికి తోక నుంచి తల వైపుగా రెండు పక్కలా రంపపు పళ్లలా గట్టి పొలుసుల వరుస ఉంటుంది. కత్తిని పడుకోబెట్టి తోక దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా కోస్తూ తల వైపు నడిపితే ఆ వరుస పట్టీలా ఊడి వస్తుంది. తర్వాత మామూలు పొలుసు గీకి, పక్క రెక్క వెనక నుంచి రెండు వైపులా కోసి తల తీసేయండి. పొట్టను మలద్వారం దాకా చీల్చి పేగులన్నీ లాగేయండి. లోపల వెన్ను పొడవునా నల్లగా, గడ్డకట్టిన నెత్తురు గీత కనిపిస్తుంది. దాని మీది పొరను కత్తి మొనతో గీసి, పాత పళ్ల బ్రష్‌తో రుద్దుతూ కుళాయి నీటి ధార కింద బాగా కడగాలి.

ఈ కడగడం రుచి కోసం మాత్రమే కాదు. వేసవిలో సముద్రపు నీటిలో పెరిగే విబ్రియో పారాహీమోలిటికస్ అనే సూక్ష్మజీవి చేప ఒంటి మీద, మొప్పల్లో ఉంటుంది. 1950లో ఒసాకాలో ఎండబెట్టిన చిరు చేపలు తిని ఎంతోమంది అస్వస్థులై కొందరు మరణించినప్పుడు ఫుజినో త్సునెసబురో దీన్ని మొదటిసారి కనుగొన్నారు. ఉప్పు లేని నీటిలో అది బతకలేదు కాబట్టి మంచినీటి ధార మంచి ఆయుధం. కానీ కడగడం ఇక్కడితో సరి. వెంటనే కాగితపు రుమాలుతో బయట, లోపల పొడిగా తుడిచేయండి. మాంసం బయటపడ్డ తర్వాత దానికి నీరు తగలనివ్వకూడదు.

మూడు భాగాలుగా కోయడం

మన ఇళ్లలో చేపను కత్తిపీట మీద కోస్తాం. అడ్డంగా గుండ్రటి ముక్కలు కొట్టడానికి దాన్ని మించినది లేదు. ఇక్కడ మాత్రం ముల్లును ఆనుకుని పొడవునా పక్కలను వేరు చేయాలి కనుక చేతి కత్తే కావాలి. జపాన్‌వాళ్లు ఆజికి వాడే చిన్న 'దెబా' కత్తి ఉంటే మంచిదే, లేకపోతే పదును బాగా పెట్టిన సన్నని వంటింటి కత్తితోనూ పని జరుగుతుంది. మొద్దు కత్తి మాంసాన్ని నలిపేస్తుంది.

కుడిచేతి వాటం ఉన్నవారు తల భాగం కుడి వైపు, పొట్ట తమ వైపు ఉండేలా చేపను పెట్టుకోవాలి. తల వైపు నుంచి తోక దాకా పొట్ట అంచు వెంబడి కత్తిని నడిపి, మొన నడిముల్లుకు తగిలేదాకా రెండు మూడు గీతల్లో లోతు పెంచండి. చేపను తిప్పి వీపు మీ వైపుకు, తోక కుడి వైపుకు తెచ్చుకుని, ఈసారి తోక నుంచి తల వైపు అలాగే కోయండి. కత్తి ముళ్ల మీద నడుస్తున్నప్పుడు సన్నగా టకటకమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినిపిస్తున్నంతసేపు మాంసం వృథా కావడం లేదని అర్థం. చివరగా తోక దగ్గర కత్తిని అడ్డంగా దూర్చి నడిముల్లు మీదుగా తల వైపు జార్చితే ఒక పక్క విడిపోతుంది. రెండో వైపు కూడా ఇలాగే చేస్తే రెండు పక్కలు, మధ్యలో ముల్లు, మొత్తం మూడు భాగాలు వస్తాయి.

పక్కటెముకలున్న పొట్ట పొరను కత్తిని వాల్చి పలచగా చెక్కేయండి. పురుగు మాంసంలోకి చేరేది ఎక్కువగా పొట్ట వైపే కాబట్టి ఇక్కడ పిసినారితనం పనికిరాదు, కొంచెం ఉదారంగానే తీసేయండి. తర్వాత పక్క మధ్య గీత వెంట వేలితో తడిమితే చిన్న ముళ్ల మొనలు తగులుతాయి. పట్టకారుతో ఒక్కొక్కదాన్ని తల వైపుకు లాగితే మాంసం చిట్లకుండా వస్తాయి. చర్మం తీయడానికి కత్తి అక్కర్లేదు. భుజం వైపు కొసన చర్మాన్ని గోటితో లేపి పట్టుకుని, రెండో చేతి వేలితో మాంసాన్ని నొక్కిపెట్టి, తోక వైపుకు నిదానంగా లాగితే పారదర్శకమైన పొర ఒక్కటే ఊడివచ్చి, కింద వెండి రంగు మెరుపు మాంసం మీదే నిలుస్తుంది. ఆ మెరుపు చెదరకుండా వచ్చిన పక్కను చూసినప్పుడు కలిగే సంతోషం పడ్డ శ్రమకు తగినదే.

పురుగు పరీక్ష, గడ్డకట్టించడం

ఇప్పుడు ప్రతి పక్కనూ బలమైన దీపం వెలుగుకు ఎదురుగా పట్టుకుని రెండు వైపులా చూడండి. చుట్ట చుట్టుకున్న తెల్లటి దారం, గోధుమ రంగు మచ్చ కనిపిస్తే ఆ భాగాన్ని కోసి పారేయండి. ఈ పరీక్ష అవసరమే, కానీ ఇది ఒక్కటే చాలదు, ఎందుకంటే మాంసం లోతులో ఉన్నది కంటికి కనిపించకపోవచ్చు.

వెనిగర్, నిమ్మరసం, ఉప్పు, సోయా సాస్, వసాబి అనే ఘాటైన జపాన్ ముద్ద, అల్లం, కారం, మద్యం ఇవేవీ వంటింట్లో వాడే మోతాదులో అనిసాకిస్‌ను చంపవు. నిమ్మరసంలో చేప తెల్లబడితే ఉడికినట్టు కనిపిస్తుంది గాని లోపలి పురుగుకు ఏమీ కాదు. దాన్ని చంపేవి రెండే: వేడి, గడ్డకట్టించే చలి. జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ సూచన ప్రకారం 60 డిగ్రీల వద్ద 1 నిమిషం వేడి, లేదా మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలకు పైగా చలి ఉండాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇంకా గట్టిగా మైనస్ 20 డిగ్రీల వద్ద 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల వద్ద 15 గంటలు అని చెబుతుంది. ఇళ్లలోని ఫ్రిజ్‌లు సాధారణంగా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆగుతాయి, తలుపు తీసినప్పుడల్లా ఆ చలి కూడా తగ్గుతుంది. కాబట్టి లోపల ఉష్ణమాపకం పెట్టి చూసి, మైనస్ 20 నిలుస్తుందని తేలాక 7 రోజుల లెక్కనే పాటించండి.

జపాన్‌లో వేటగాళ్లు, చేపల దుకాణాలవాళ్లు ఆజిని గడ్డకట్టించకుండానే, కంటిచూపు మీద, అనుభవం మీద ఆధారపడి తింటారన్నది నిజమే. కానీ ఏళ్ల తరబడి చేపలు కోసిన కన్ను వేరు, మొదటిసారి కోస్తున్న కన్ను వేరు. మొదటిసారి చేసేవారు గడ్డకట్టించిన తర్వాతే తినాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఇందులో చిన్నతనమేమీ లేదు. జపాన్ ఉత్తర దీవి హొక్కైదోలో ఆదివాసులైన ఐను ప్రజలు సాల్మన్‌ను చలికాలపు మంచులో గడ్డకట్టించి, సగం కరిగిన పలచని ముక్కలుగా 'రుయిబె' అనే పేరుతో తరతరాలుగా తింటున్నారు. పక్కలను పొడిగా తుడిచి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పొరలో బిగించి గడ్డకట్టించండి. కరిగించేటప్పుడు కాగితపు రుమాలులో చుట్టి ఫ్రిజ్ కింది అరలోనే రాత్రంతా ఉంచండి. బయట గదిలో కరిగించవద్దు.

గర్భిణులు, పసిపిల్లలు, వయసు మీరినవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవారు గడ్డకట్టించిన దాన్ని కూడా పచ్చిగా తినకపోవడమే మంచిది. వారికి చివర చెప్పిన కాల్చిన వంటకం ఉంది. పచ్చి చేప తిన్న కొన్ని గంటల్లో పై కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు మొదలైతే గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ చేప, ఎప్పుడు పచ్చిగా తిన్నారో వైద్యుడికి చెప్పండి. ఎండోస్కోపీలో పురుగును చూసి బయటికి తీయగలుగుతారు.

నమెరో: పడవ మీద పుట్టిన వంటకం

టోక్యో అఖాతానికి తూర్పున చిబా ప్రాంతంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన బోసో ద్వీపకల్పం ఉంది. అక్కడి జాలరులు ఊగే పడవ మీదే పట్టిన ఆజిని తరిగి చేసుకున్న వంటకం నమెరో. సోయా సాస్ ఒలికిపోతుందని సోయా గింజలను పులియబెట్టి చేసే, ముద్దగా ఉండే మిసోను వెంట తీసుకెళ్లేవారని అక్కడివాళ్లు చెబుతారు. గడ్డకట్టించి కరిగించిన చేపలో మాంసపు బిగువు కొంత తగ్గుతుంది కానీ, ఈ వంటకంలో ఎలాగూ తరుగుతాం కాబట్టి ఆ లోపం తెలియదు. మొదటిసారి చేసేవారికి సషిమి, అంటే కోసి వడ్డించే పచ్చి చేప ముక్కల కన్నా ముందు నేను దీన్నే సూచిస్తాను.

ఇద్దరికి మూడు మధ్యరకం ఆజి చేపల పక్కలు, అంటే సుమారు 150 గ్రాముల మాంసం తీసుకోండి. ఒక పెద్ద చెంచా మిసో, బొటనవేలి కొస అంత అల్లం, రెండు ఉల్లికాడలు, నాలుగైదు షిసో అనే సువాసన గల జపాన్ ఆకులు కావాలి. అల్లం, కాడలు, ఆకులు ముందే సన్నగా తరిగి పక్కన పెట్టుకోండి. చేపను చల్లని పలక మీద మొదట సన్నని పట్టీలుగా, తర్వాత అడ్డంగా చిన్న ముక్కలుగా కోసి, దాని మీద మిసో, అల్లం, కాడలు, ఆకులు వేసి కత్తితో టకటక కొట్టండి. మధ్యమధ్య కత్తితోనే కింది భాగాన్ని పైకి మడుస్తూ కొట్టాలి. ముద్ద కొంచెం జిగురెక్కి పలకకు అంటుకుంటున్నప్పుడు, ఇంకా అక్కడక్కడ చేప ముక్కలు కంటికి కనిపిస్తున్నప్పుడు ఆపేయండి. రోటి పచ్చడిలా కచ్చాపచ్చాగా ఉండాలి. మిక్సీలో వేస్తే వేడెక్కి, గుజ్జైపోయి రుచి చెడుతుంది. మిసోలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి వేరుగా ఉప్పు వేయవద్దు.

మిసోలోని గ్లూటమేట్ అనే రుచినిచ్చే పదార్థం, చేపలోని ఇనోసినిక్ ఆమ్లం కలిసినప్పుడు ఒక్కొక్కటి విడిగా ఇచ్చే రుచి కన్నా ఎంతో ఎక్కువ కమ్మదనం పుడుతుంది. పడవ మీద చేపను కొట్టుకోనివ్వకుండా కాపాడుకున్న ఫలితం నాలుకకు తెలిసేది ఇక్కడే. వేడి అన్నంతో కలిపి తినవచ్చు. తింటూ తింటూ చివర్న మిగిలిన అన్నం, నమెరోల మీద వేడి టీ గాని, చేప రసం గాని పోసుకుని తినడం బోసోలో మామూలు.

సషిమి, దాని తోడు

సషిమికి పక్కను వెండి మెరుపు పైకి ఉండేలా పెట్టి, కత్తి మడమ దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే లాగుడులో కోయండి. రంపంలా ముందుకూ వెనక్కూ కోస్తే ముక్క అంచులు చిరుగుతాయి. ఆజికి వేలి వెడల్పు ముక్కలు బాగుంటాయి, పైన రెండు సన్నని గాట్లు పెడితే సోయా సాస్ పట్టుకుంటుంది. పళ్లేన్ని ముందే ఫ్రిజ్‌లో చల్లబరచండి. ఆజికి వసాబి కన్నా తురిమిన అల్లం నప్పుతుంది. సోయా సాస్‌లో ముక్కను ముంచెత్తకుండా ఒక అంచుకు తాకించి తినండి. వడ్డించినదాన్ని బయట కూర్చోబెట్టకుండా ఆ పూటే తినేయాలి.

మన నాలుకకు కారం లేనిదే ముద్ద దిగదన్నది నిజం. అందుకు నిస్సంకోచంగా అనుసరించదగ్గ జపనీయ సంప్రదాయమే ఒకటి ఉంది. టోక్యోకు దక్షిణాన ఉన్న ఇజు ఒషిమా దీవిలో తెల్ల మాంసపు చేప ముక్కలను పచ్చిమిర్చి వేసిన సోయా సాస్‌లో కాసేపు నానబెట్టి అన్నం మీద పెట్టుకుంటారు. 'బెక్కో' అని పిలిచే ఆ పద్ధతిని ఆజి ముక్కలకూ వాడవచ్చు. మూడు పెద్ద చెంచాల సోయా సాస్‌లో ఒక పచ్చిమిర్చిని చక్రాలుగా కోసి వేసి, పది నిమిషాలు ముక్కలు నాననిస్తే చాలు. అంతకుమించి ఉంచితే ఉప్పదనం చేపను మింగేస్తుంది.

షికొకు దీవిలోని కోచి ప్రాంతంలో కత్సుఓ చేపను వరిగడ్డి మంటలో పైపైన కాల్చి, మందంగా కోసి, వెల్లుల్లి రేకులతో తినే 'తతకి' కూడా మనవారికి బాగా నచ్చుతుంది. కానీ మంట తగిలేది పై పొరకే, లోపల చేప పచ్చిదే. 2018లో జపాన్‌లో కత్సుఓ తిన్నవారిలో అనిసాకిస్ బాధితులు బాగా పెరిగారు. కాబట్టి దానికీ పైన చెప్పిన చలి నియమమే వర్తిస్తుంది.

మిగిలినదాన్ని ఏం చేయాలి

పచ్చి నమెరోను మర్నాటికి దాచవద్దు. బోసోలో మిగిలిన నమెరోను పెద్ద అలచిప్పలో గాని, షిసో ఆకుల మధ్య గాని సర్ది నిప్పుల మీద కాలుస్తారు. దీన్ని 'సంగాయకి' అంటారు. ఇంట్లో అయితే వడల్లా అద్ది, ఆకు చుట్టి, పెనం మీద కొద్దిగా నూనె వేసి, సన్నని సెగ మీద రెండు వైపులా లోపలి దాకా ఉడికేలా కాల్చండి. మిసో అంచులు మాడిన వాసన రాగానే దించేయాలి. పచ్చిది తినకూడని ఇంట్లోవారికి ఇదే వడ్డించవచ్చు. నడిముళ్లను తుడిచి, ఉప్పు రాసి కొంచెంసేపు ఆరనిచ్చి, మొదట సన్నని మంట మీద నూనెలో వేయించి, తీసి, మళ్లీ ఎక్కువ మంట మీద వేయిస్తే కరకరలాడుతూ మొత్తం నమిలి తినేయవచ్చు. తలల మొప్పలు తీసేసి, మరిగే నీళ్లు ఒకసారి పోసి కడిగి మిసో చారు పెట్టుకోండి. చింతపండు ఇంట్లో ఉంటే పులుసే పెట్టండి, ఆజి తలకు అది ఏమాత్రం తీసిపోదు.